వీడియో మీటింగుల కోసం ఫైర్‌వాల్‌లో ఏం తెరవాలి, ఎంతవరకు తెరవాలి?

టీమ్స్, జూమ్, గూగుల్ మీట్, వెబెక్స్... వీటిలో ఏది వాడినా సర్వర్లు ఆ కంపెనీల క్లౌడ్‌లో ఉంటాయి. మన ఆఫీసులోనో కాలేజీలోనో ఉన్న కంప్యూటర్లే బయటికి వెళ్ళి వాటిని పలకరిస్తాయి. ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది. మామూలు మీటింగుల కోసం బయటి నుంచి లోపలికి ఒక్క పోర్టు (ట్రాఫిక్ వెళ్ళే నంబరు వేసిన తలుపు) కూడా తెరవక్కర్లేదు. పోర్ట్ ఫార్వర్డింగ్ అక్కర్లేదు, ఎవరి లాప్‌టాప్‌కీ పబ్లిక్ ఐపీ ఇవ్వక్కర్లేదు. 'వీడియో ఆగిపోతోంది, ఇన్‌బౌండ్ ఓపెన్ చేయండి' అని పై నుంచి ఎంత ఒత్తిడి వచ్చినా చేయకండి. దానివల్ల వీడియో బాగుపడదు, నెట్‌వర్క్‌కి మాత్రం అనవసరమైన రంధ్రం పడుతుంది.

తేల్చుకోవాల్సింది లోపలి నుంచి బయటికి వెళ్ళే దారి గురించే. దానికి నాలుగు పద్ధతులున్నాయి. (టీసీపీ, యూడీపీ అనేవి ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, పంపే రెండు తీరులు.)

ఒకటి, ఇప్పుడున్నట్టే వెబ్ బ్రౌజింగ్ వెళ్ళే టీసీపీ 443 పోర్టు ఒక్కటే ఉంచేయడం. రెండు, మీటింగ్ సేవకు కావలసిన యూడీపీ పోర్టులను ఏ అడ్రసుకైనా వెళ్ళేలా తెరవడం. మూడు, అవే పోర్టులను ఆ కంపెనీ ప్రకటించిన ఐపీ రేంజిలకు మాత్రమే తెరవడం. నాలుగు, పోర్టుల లెక్క పక్కన పెట్టి 'టీమ్స్‌ని వదులు, జూమ్‌ని వదులు' అని అప్లికేషన్ పేరు మీద రూల్ రాయడం.

ఎక్కువమందికి మూడోదే సరైనదని నా అభిప్రాయం. అది నప్పని చోట్లూ ఉన్నాయి, వాటి సంగతీ చెబుతాను.

## ముందు దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది మాట నాణ్యత. యూడీపీ గొడవంతా దీని కోసమే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

మాట సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా బయల్దేరుతుంది, అంటే సెకనుకి 50 ప్యాకెట్లు. యూడీపీలో ఒక ముక్క దారిలో పోతే పోయినట్టే. తర్వాతి ముక్క ఆగకుండా వచ్చేస్తుంది. పోయిన 20 మిల్లీసెకన్లను అటు పక్క యాప్ ఏదో ఒకలా పూడ్చేస్తుంది, వినేవాళ్ళకి తెలియను కూడా తెలియదు. టీసీపీ అలా ఊరుకోదు. పోయిన ముక్కను మళ్ళీ తెప్పించుకునేదాకా వెనక వచ్చినవాటిని యాప్‌కి అందనివ్వదు. టోల్ గేటులో ముందు కారు ఫాస్టాగ్ చదవకపోతే వెనక లైన్ మొత్తం నిలిచిపోయినట్టు ఉంటుంది వ్యవహారం. ముక్క తిరిగొచ్చాక ఆగినవన్నీ ఒక్కసారి మీద పడతాయి. మనిషి కాసేపు బిగుసుకుపోయి, ఆపైన గబగబా మాట్లాడినట్టు వినిపించడానికి కారణం ఇదే.

అందుకే మీటింగ్ యాప్‌లన్నీ ముందు యూడీపీ దారే వెతుకుతాయి. అది దొరక్కపోతే టీసీపీ 443కి దిగుతాయి. మీటింగ్ కలిసింది కాబట్టి ఫైర్‌వాల్‌లో లోపం లేదని మనం అనుకుంటాం. పొద్దున లైన్ ఖాళీగా ఉన్నప్పుడు తేడా తెలియదు కూడా. పదకొండింటికి అందరూ లాగిన్ అయ్యాక 'సార్, మీ వాయిస్ బ్రేక్ అవుతోంది' మొదలవుతుంది, నింద ఇంటర్నెట్ కంపెనీ మీదికి పోతుంది.

రెండోది, తెరిచిన దారి ఎంత వెడల్పు అన్నది. మూడోది, ఆ రూల్‌ని తర్వాత ఎవరు చూసుకుంటారన్నది. రాసిన మనిషి ఉద్యోగం మారాక కూడా రూల్ అక్కడే ఉంటుంది. నాలుగోది మీ పెట్టె (ఫైర్‌వాల్) సత్తా, దాని లైసెన్సు. ఆఖరిది లాగ్, అంటే ఏ ట్రాఫిక్ వెళ్ళింది, ఏది ఆగింది అన్న రికార్డు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ సిస్టమ్ లాగ్‌లను 180 రోజులు దాచాలి. ఏ రూల్ మీద ఏ ట్రాఫిక్ వెళ్ళిందో విడివిడిగా తెలిసేలా ఉంటే ఆ లాగ్ రేపు పనికొస్తుంది.

## ఎవరికి ఏ పోర్టులు

| సేవ | యూడీపీ (బయటికి) | టీసీపీ (బయటికి) | మీడియా (మాట, వీడియో) అడ్రసులు |
|---|---|---|---|
| మైక్రోసాఫ్ట్ టీమ్స్ | 3478 నుంచి 3481 | 443, 80 | 52.112.0.0/14, 52.122.0.0/15 |
| జూమ్ మీటింగ్స్ | 3478, 3479, 8801 నుంచి 8810 | 443, 80, 8801, 8802 | పెద్ద జాబితా, మారుతూ ఉంటుంది |
| గూగుల్ మీట్ | 3478, 19302 నుంచి 19309 | 443 | వర్క్‌స్పేస్ ఖాతాలకు 74.125.250.0/24, వ్యక్తిగత ఖాతాలకు 142.250.82.0/24 |
| వెబెక్స్ మీటింగ్స్ | 5004, 9000 | 443, 5004 | పెద్ద జాబితా |

రూల్ రాసే రోజు ఆ కంపెనీ సహాయ పేజీ తెరిచి ఈ అంకెలు సరిచూసుకోండి. పోర్టులు అరుదుగా మారతాయి గానీ అడ్రసులు అలా కాదు.

మరో జాగ్రత్త. ఈ పట్టిక మీటింగులకే. జూమ్ ఫోన్ లాంటి టెలిఫోన్ సేవకు యూడీపీ 20000 నుంచి 64000 దాకా అడుగుతారు. మీటింగుల కోసం వెతుకుతూ ఆ పేజీ చూసి అంత పెద్ద వరసను తెరిచేసిన ఆఫీసులున్నాయి. ఆ ఫోన్ సేవ మీరు కొనకపోతే ఆ పోర్టుల జోలికి పోవద్దు. కాన్ఫరెన్స్ హాలులో గోడకు పెట్టిన పాత హెచ్.323 లేదా ఎస్ఐపీ (కాల్ కలిపే వేరే ప్రమాణాలు) పరికరాల లెక్క కూడా వేరు. వాటిని వేరే వీలాన్‌లో (నెట్‌వర్క్‌లో విడదీసిన భాగంలో) పెట్టి, వాటికి వేరే రూల్ రాయండి.

## మొదటి దారి: 443 ఒక్కటే

దీనికి మీరు చేయాల్సిన పనేమీ లేదు, బ్రౌజింగ్ నడుస్తున్న ప్రతి చోటా ఇది ఇప్పటికే ఉంది. రూల్ పాతబడే బాధా లేదు.

నలుగురైదుగురున్న ఆఫీసులో, వారానికోసారి మీటింగ్, మంచి ఫైబర్ లైన్ ఉంటే దీంతో బండి నడిచిపోతుంది. ప్యాకెట్లు పోనప్పుడు టీసీపీ కూడా బాగానే పనిచేస్తుంది. తేడా తెలిసేది లైన్ బిగుసుకున్నప్పుడే. ఆన్‌లైన్ క్లాసులు, ఇంటర్వ్యూలు, డాక్టర్ సంప్రదింపులు, కస్టమర్‌తో రోజువారీ కాల్స్ ఉన్నచోట దీంతో సరిపెట్టుకోవద్దు. డాక్టర్ మందు మోతాదు చెబుతున్నప్పుడు ఒక్క అంకె ఎగిరిపోయినా అది చిన్న విషయం కాదు.

443 ఒక్కటే ఉంచడం భద్రత పేరుతో తీసుకునే నిర్ణయం. నిజానికి మీ ఫైర్‌వాల్‌లో టీసీపీ 443 లోకంలోని ఏ అడ్రసుకైనా తెరిచే ఉంటుంది. డేటా బయటికి దొంగిలించాలనుకునేవాడికి అది చాలు. దాని పక్కన ఒకే కంపెనీ అడ్రసులకు వెళ్ళే నాలుగు యూడీపీ పోర్టులు ఎంత చిన్న దారో చూడండి. పైగా స్టేట్‌ఫుల్ ఫైర్‌వాల్‌లో లోపలి నుంచి పలకరించిన అడ్రసు ఇచ్చే జవాబే లోపలికి వస్తుంది. కొత్తగా ఎవరూ తలుపు తట్టలేరు.

## రెండో దారి: పోర్టులు తెరిచి, ఎక్కడికైనా వదలడం

అయిదు నిమిషాల పని. నాణ్యతలో మూడో దారికి ఏమాత్రం తీసిపోదు. కంపెనీ అడ్రసులు మార్చుకున్నా మీ మీటింగులు ఆగవు.

దీని మీద నాకున్న అభ్యంతరం 3478 గురించి. అది ఒక్క కంపెనీ సొత్తు కాదు, స్టన్, టర్న్ సర్వర్లన్నిటికీ (కాల్‌కి దారి చూపేవి, మధ్యలో నిలబడి మీడియాను అందించే రిలేలు) వాడుక పోర్టు. దాన్ని ఏ అడ్రసుకైనా వదిలితే మీరు అనుకోని రిలే సర్వర్లకూ, మీ ఫిల్టర్‌ని తప్పించుకునే పరికరాలకూ దారి దొరుకుతుంది. హాస్టల్ విద్యార్థులున్న నెట్‌వర్క్‌లో ఈ సంగతి మర్చిపోవద్దు.

అయినా దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. సెమినార్ హాలుకు వచ్చే అతిథి అధ్యాపకులు ఒకరు వెబెక్స్ అంటారు, ఇంకొకరు మీట్ అంటారు, విదేశాల నుంచి చేరేవాళ్ళు మనం పేరు కూడా వినని సేవ లింకు పంపుతారు. నాలుగు కంపెనీల అడ్రసుల జాబితాలు వేసుకుని కూర్చోవడం అక్కడ కుదరదు. ఆ హాలుకి, గెస్ట్ వైఫైకి వేరే వీలాన్ ఇచ్చి, ఈ వెడల్పు రూల్‌ని దానికే కట్టేయండి. అకౌంట్స్ సెక్షన్ కంప్యూటర్లకు, పరీక్షల విభాగానికి ఇది తగలకూడదు.

## మూడో దారి: పోర్టులూ, అడ్రసులూ రెండూ కట్టడం

ఆఫీసంతా టీమ్స్ వాడుతుంటే ఇంతకంటే మంచి ఎంపిక లేదు. రెండు ఐపీవీ4 రేంజిలు, నాలుగు పోర్టులు, ఒక్క రూల్. లైన్‌లో ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ అడ్రసులు) కూడా నడుస్తుంటే 2603:1063::/38 రేంజికి అదే రూల్ మళ్ళీ రాయాలి. ఐపీవీ4కి రాసి ఊరుకుని, సగం కంప్యూటర్లకే పనిచేస్తోందేమిటా అని తల పట్టుకోవడం చాలాచోట్ల జరిగేదే.

అసలు ఖర్చు నిర్వహణలో ఉంది. మైక్రోసాఫ్ట్ తన జాబితాను నెల మొదట్లో మారుస్తుంది, కొత్త అడ్రసులు వాడుకలోకి రావడానికి 30 రోజుల ముందు ప్రకటిస్తుంది. కాబట్టి నెలకోసారి చూస్తే చాలు. టీమ్స్ కోసం ఇంతకుముందు రాసిన గైడ్లలో 52.112.0.0/14తో పాటు 13.107.64.0/18, 52.120.0.0/14 కనిపిస్తాయి. మీ పెట్టెలో అవే ఉంటే మీటింగ్ ఆగదు. 52.122.0.0/15 అనేది 52.120.0.0/14 లోపలి భాగమే. కాకపోతే అవసరం తీరిపోయిన అడ్రసులకు దారి తెరిచి ఉంచినట్టవుతుంది, తగ్గించుకోవచ్చు.

మీట్ కూడా సులువే, వర్క్‌స్పేస్ వాడే సంస్థకు మీడియా రేంజి చిన్నది. అయితే ఉద్యోగులు సొంత జీమెయిల్ ఖాతాతో చేరితే ఆ మీడియా వేరే రేంజికి వెళ్తుంది. దాన్ని వదలాలా వద్దా అన్నది మీ విధానం. వదలకపోయినా 443 మీద ఎలాగో నడుస్తుంది.

జూమ్, వెబెక్స్ దగ్గరే చెయ్యి తిరగాలి. జాబితా పెద్దది. ఒక్కో రేంజినీ చేత్తో ఎక్కిస్తే ఎక్కడో ఒక అంకె తప్పుతుంది. ఆ ఒక్క రేంజిలోని సర్వరుకి మీటింగ్ పడిన రోజే ఇబ్బంది వస్తుంది, మర్నాడు ఉండదు. ఇలాంటి అడపాదడపా సమస్యను వెతకడమంత కష్టం ఇంకోటి లేదు. మీ ఫైర్‌వాల్ బయటి జాబితాను తనంతట తాను దించుకోగలిగితే, లేదా ఇలాంటి సేవల అడ్రసులు అందులోనే సిద్ధంగా వస్తుంటే, దాన్నే వాడండి. ఆ సౌకర్యం లేని చిన్న పెట్టె అయితే జూమ్ కోసం 8801 నుంచి 8810 వరకు ఎక్కడికైనా వదిలి, 3478, 3479లను మాత్రం జాబితాకి కట్టేయడం ఒక మధ్యేమార్గం.

ఐపీ రేంజిల బదులు డొమైన్ పేర్లతో రూల్ రాస్తే పోలేదా అని అడుగుతారు. లాగిన్‌కీ చాట్‌కీ అది సరిపోతుంది. మాట, వీడియో మాత్రం చాలావరకు నేరుగా ఐపీ అడ్రసుకే వెళ్తాయి. ఆ ప్యాకెట్లలో పేరు ఉండదు కాబట్టి పేరు మీద రాసిన రూల్ వాటిని పట్టలేదు. చాట్ బ్రహ్మాండంగా నడుస్తూ కాల్ మాత్రం నలిగిపోతుంటే ముందు ఇదే చూడండి.

## నాలుగో దారి: అప్లికేషన్ పేరుతో రూల్

కొత్త తరం ఫైర్‌వాల్‌లు ట్రాఫిక్ తీరు చూసి ఇది టీమ్స్, ఇది జూమ్ అని గుర్తుపడతాయి. రూల్ చదవడానికి హాయిగా ఉంటుంది, లాగ్‌లోనూ పేరే కనిపిస్తుంది. భద్రతా బృందం, ఆడిట్, ఏడాదికోసారి సబ్‌స్క్రిప్షన్ కట్టే బడ్జెట్ ఉన్న సంస్థకు ఇది మంచిదే.

రెండు చిక్కులున్నాయి. పెట్టె ఆ యాప్‌ని గుర్తుపట్టాలంటే ముందు కొన్ని ప్యాకెట్లు చూడాలి, అంటే అవి వెళ్ళనివ్వాలి. దాని కింద పోర్టుల రూల్ సరిగా లేకపోతే గుర్తుపట్టేలోపే కోసేస్తుంది. రెండోది లైసెన్సు. రెన్యువల్ ఫైలు ప్రిన్సిపాల్ టేబుల్ మీద మూడు నెలలు ఆగే చోట సిగ్నేచర్లు (యాప్‌ని గుర్తుపట్టే నమూనాలు) పాతబడతాయి. యాప్ కొత్త వెర్షన్ వచ్చాక గుర్తింపు తప్పడం మొదలవుతుంది. లైసెన్సు ఆగినా పనిచేసేది మూడో దారి, అందుకే ప్రభుత్వ సంస్థలకీ కాలేజీలకీ దాన్నే ముందు చెబుతాను. స్తోమత ఉన్నవాళ్ళు మూడో దారిలో రూల్ రాసి, దాని మీద అప్లికేషన్ గుర్తింపును లాగ్ కోసం పెట్టుకోవచ్చు.

## నాలుగూ పక్కపక్కన

| | 443 ఒక్కటే | పోర్టులు, ఎక్కడికైనా | పోర్టులు, అడ్రసులు | అప్లికేషన్ పేరు |
|---|---|---|---|---|
| రద్దీలో మాట నాణ్యత | తగ్గుతుంది | బాగుంటుంది | బాగుంటుంది | గుర్తింపు తప్పకపోతే బాగుంటుంది |
| కొత్తగా తెరిచే దారి | ఏమీ లేదు | వెడల్పు | ఇరుకు | మధ్యస్థం |
| నెలవారీ పని | లేదు | లేదు | ఉంది | అప్‌డేట్లు, లైసెన్సు |
| చిన్న పెట్టెలో కుదురుతుందా | కుదురుతుంది | కుదురుతుంది | టీమ్స్, మీట్‌లకు సులువు | కుదరదు |
| ఎవరికి | అరుదుగా మీటింగ్ పెట్టే చిన్న ఆఫీసు | సెమినార్ హాలు, గెస్ట్ వైఫై | ఎక్కువ సంస్థలు | భద్రతా బృందం ఉన్న పెద్ద సంస్థ |

ఇంట్లో ఉండి చదువుతున్నవాళ్ళకు ఒక మాట. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రూటర్ బయటికి వెళ్ళే యూడీపీని సాధారణంగా ఆపదు, మీరు ఏమీ తెరవక్కర్లేదు. మొదటి కాల్‌లో విండోస్ ఫైర్‌వాల్ అనుమతి అడిగితే కంగారు పడొద్దు. అడ్మిన్ పాస్‌వర్డ్ లేక దాన్ని మూసేసినా మీటింగ్ నడుస్తుంది.

హైదరాబాద్‌లో ఇంటి నుంచి అమెరికా కంపెనీకి పనిచేసేవాళ్ళ సమస్య ఎక్కువగా వీపీఎన్‌తోనే. ట్రాఫిక్ మొత్తం వీపీఎన్‌లో వెళ్తే, పక్క వీధిలో ఉన్న సహోద్యోగితో మాటకూడా అమెరికా వెళ్ళి రావాలి. రానుపోను 200 మిల్లీసెకన్లు దాటుతుంది. మీటింగ్ మీడియాను మాత్రం వీపీఎన్ బయట నుంచి వదిలే స్ప్లిట్ టన్నెల్ దీనికి మందు. టీమ్స్ విషయంలో మైక్రోసాఫ్ట్ స్వయంగా అదే సిఫార్సు చేస్తుంది. అది మీ చేతిలో ఉండదు, కంపెనీ ఐటీ వాళ్ళే చేయాలి. అడిగేటప్పుడు పై పట్టికలోని రేంజిలు జతచేసి అడగండి, పని త్వరగా కదులుతుంది.

## రూల్ రాసినా బాగుపడకపోతే

ముందు ఆ లాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి అదే మీటింగ్‌లో చేరండి. అక్కడ బాగుంటే దోషం మీ నెట్‌వర్క్‌లోనే.

తర్వాత ఫైర్‌వాల్ లాగ్ తెరిచి, ఒక్క కంప్యూటర్ ఐపీతో ఫిల్టర్ పెట్టి, ఆ కంప్యూటర్ నుంచి టెస్ట్ కాల్ చేయించండి. యూడీపీ ఆగుతుంటే మొదటి కొన్ని సెకన్లలోనే కనిపిస్తుంది: 3478 మీద వరసగా డినైలు, ఆ వెంటనే టీసీపీ 443 అలౌ. ఆ డినై ఏ రూల్ నంబరు మీద పడిందో చూడండి. మీ కొత్త రూల్‌కి పైన 'యూడీపీ అంతా ఆపు' అనే పాత రూల్ ఒకటి కూర్చుని ఉండటం చాలా మామూలు.

మీట్ లాంటివి బ్రౌజర్‌లో నడుస్తాయి కాబట్టి క్రోమ్‌లోని వెబ్‌ఆర్‌టీసీ ఇంటర్నల్స్ పేజీలో మీడియా ఏ దారిన వెళ్తోందో చూడొచ్చు. అక్కడ చాలామంది ప్రోటోకాల్ ఎదురుగా యూడీపీ అని చూసి తృప్తిపడతారు. రిలే గుండా వెళ్తున్నప్పుడు రిలే ప్రోటోకాల్ అన్న గడి కూడా చూడాలి. అందులో టీసీపీ అనో టీఎల్‌ఎస్ అనో ఉంటే మీ ఫైర్‌వాల్ ఇంకా యూడీపీని వదలనట్టే.

టీమ్స్‌లో కాల్ హెల్త్ తెరిస్తే ప్యాకెట్ నష్టం, రానుపోను సమయం అంకెల్లో కనిపిస్తాయి. తన నెట్‌వర్క్ అంచు వరకు మైక్రోసాఫ్ట్ కోరేది ఇది: నష్టం 1 శాతం లోపు, జిట్టర్ (ప్యాకెట్లు వచ్చే సమయాల్లో హెచ్చుతగ్గు) 30 మిల్లీసెకన్ల లోపు, రానుపోను 100 మిల్లీసెకన్ల లోపు.

దారి తెరిచి ఉన్నా అంకెలు బాగోలేకపోతే మూడు చోట్ల వెతకండి. ఒకటి ఎస్ఎస్ఎల్ ఇన్‌స్పెక్షన్, అంటే ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్‌ని ఫైర్‌వాల్ విప్పి చూడటం. మీటింగ్ సేవల డొమైన్లను దాని నుంచి మినహాయించాలి. మీడియా ఎలాగూ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, విప్పి చూసేందుకు అక్కడ ఏమీ దొరకదు, ఆలస్యం మాత్రం పెరుగుతుంది. రెండు, యూడీపీ ఫ్లడ్ రక్షణ. ముప్ఫైమంది ఒకేసారి వీడియో పెట్టగానే ఆ వేగాన్ని దాడి అనుకుని పెట్టె ప్యాకెట్లను పారేస్తుంది. తక్కువమంది ఉన్నప్పుడు బాగుండి, జనం పెరిగిన కాసేపటికి అందరికీ ఒకేసారి పాడైతే అనుమానం దీని మీదే పెట్టండి. ఆ రక్షణను తీసేయొద్దు, మీటింగ్ రేంజిలకు మినహాయింపు ఇవ్వండి. మూడు, ఎస్ఐపీ పరికరాలుంటే ఎస్ఐపీ ఏఎల్‌జీ (ఎస్ఐపీ ప్యాకెట్లలోని అడ్రసులను మార్చే రూటర్ సదుపాయం). చాలా రూటర్లలో అది మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, ఆపి చూడండి.

రూల్ కుదిరాక దాని వ్యాఖ్య గడిలో మూడు ముక్కలు రాసిపెట్టండి: ఏ సేవ కోసం, అడ్రసులు ఏ తేదీ జాబితా నుంచి తీసుకున్నారు, మళ్ళీ ఎప్పుడు సరిచూడాలి. ఆ సేవ వాడటం మానేసిన రోజు రూల్‌ని డిజేబుల్ చేసి, నెల తర్వాత ఎవరూ అడగకపోతే తీసేయండి.